ఏడు రాళ్ల వజ్రాల కమ్మలు: మూడు షాపులు, మూడు ధరలు. క్యారెట్ రేటు ఎవరూ చెప్పరేం?

నాగావళి (రాయగడ):

పెళ్లికి ఏడు రాళ్ల వజ్రాల కమ్మలు తీసుకోవాలి. మూడు చోట్ల అడిగాం. ముగ్గురూ "రెండు క్యారెట్ల కమ్మలు, అసలు వజ్రాలు" అనే చెప్పారు. ధరలకు మాత్రం పొంతన లేదు. ఆ రోజు బోర్డు మీద బంగారం 24 క్యారెట్ గ్రాము 12,000, 22 క్యారెట్ 11,000.

విశాఖలో పెద్ద షోరూం: గ్రాస్ (రాళ్లతో కలిపి మొత్తం బరువు) 9.420 గ్రాములు, వజ్రాలు 2.10 క్యారెట్లు, ఈఎఫ్-వీవీఎస్ (ఈఎఫ్ అన్నది రాయి రంగు గ్రేడు, వీవీఎస్ అన్నది క్లారిటీ, అంటే లోపలి మచ్చల గ్రేడు), బంగారం 18 క్యారెట్. జీఎస్టీతో కలిపి 4,15,400. విడదీసి చెప్పమంటే "సిస్టంలో మొత్తమే వస్తుందండి" అన్నారు.

బ్రహ్మపురలో షాపు: గ్రాస్ 10.150, వజ్రాలు 1.96 క్యారెట్లు, జీహెచ్-వీఎస్ (అంతకంటే కింది గ్రేడు), 18 క్యారెట్. జీఎస్టీతో 3,28,000. "మజూరీ పూర్తిగా ఉచితం" అట.

ఇక్కడ రాయగడలోనే ఆర్డరు మీద చేయించి ఇచ్చేవాళ్లు: గ్రాస్ 9.000, వజ్రాలు 2.05 క్యారెట్లు, 14 క్యారెట్ బంగారం. 2,31,000, జీఎస్టీ వేరే. రాయి గ్రేడు అడిగితే "బ్లూ జాగర్ రకం, దోషం లేని రాయి" అన్నారు. కాగితం ఏమీ లేదు.

వీటిలో నిజంగా ఏది ఎక్కువ, ఏది తక్కువ? ఎలా పోల్చాలి? మాది ఒడిశా కదా, ఆంధ్రాలో కొంటే పన్నులో తేడా వస్తుందా?

వంశధార (గుణుపురం):

షాపువాడు మొత్తమే చెప్పినా క్యారెట్ రేటు మనం బయటికి లాగొచ్చు. కాలిక్యులేటర్ చాలు. ముందు ఒక్క మాట: బంగారానికి క్యారెట్ అంటే స్వచ్ఛత, వజ్రానికి క్యారెట్ అంటే బరువు. వజ్రంలో ఒక క్యారెట్ 0.2 గ్రాము, అందులో నూరు సెంట్లు. ఈ రెండు క్యారెట్లూ ఒకే ట్యాగ్ మీద ఉండబట్టే చాలామంది తికమక పడతారు.

విశాఖ లెక్క చూడండి. 4,15,400ను 1.03తో భాగిస్తే జీఎస్టీ పోతుంది, 4,03,301 మిగులుతుంది. వజ్రాలు 2.10 క్యారెట్లు, అంటే 0.420 గ్రాము. గ్రాస్ 9.420లోంచి అది తీసేస్తే నెట్ బంగారం సరిగ్గా 9.000 గ్రాములు. 18 క్యారెట్ అంటే 75 శాతం కాబట్టి గ్రాము 9,000, బంగారం విలువ 81,000. మజూరీ చెప్పలేదు కాబట్టి 15 శాతం వేసుకుందాం, 12,150. ఇవి రెండూ తీసేస్తే వజ్రాలకు 3,10,151 మిగిలింది. దాన్ని 2.10తో భాగించండి. క్యారెట్‌కు దాదాపు 1,47,700. వాళ్లు నోరు విప్పి చెప్పని అంకె ఇదే.

బ్రహ్మపురది: జీఎస్టీ తీస్తే 3,18,447. నెట్ బంగారం 9.758 గ్రాములు, విలువ 87,822. మజూరీ ఉచితం అన్నారు కదా, సున్నా వేద్దాం. మిగిలిన 2,30,625ను 1.96తో భాగిస్తే క్యారెట్ 1,17,700 దాకా వస్తుంది. మజూరీ 12 శాతం విడిగా రాసి ఉంటే అదే రాయి 1,12,300కే ఇచ్చినట్టు అయ్యేది. ఉచితం అన్న మజూరీ రాయి రేటులోకి వెళ్లి కూర్చుంది, అంతే.

రాయగడది: నెట్ 8.590 గ్రాములు. 14 క్యారెట్ అంటే 58.5 శాతం, గ్రాము 7,020, విలువ 60,302. మజూరీ 15 శాతం వేస్తే 9,045. వజ్రాలకు 1,61,653, క్యారెట్‌కు దాదాపు 78,900. జీఎస్టీ కలిపితే మీరు కట్టేది 2,37,930.

ఇప్పుడు పోలిక 4,15,400కీ 3,28,000కీ 2,31,000కీ కాదు. 1,47,700 ఈఎఫ్-వీవీఎస్ రాయికి, 1,17,700 జీహెచ్-వీఎస్ రాయికి, 78,900 పేరు లేని రాయికి. మూడోది చవకని నేను అనను. ఏ రాయో తెలియనిదే చవక ఎలా అవుతుంది?

ఇంకో మెలిక ఉంది. వజ్రం ధర సెంట్ల లెక్కన గీత గీసినట్టు పెరగదు, మెట్లుమెట్లుగా పెరుగుతుంది. వ్యాపారులు చూసుకునే రేపపోర్ట్ జాబితాలో 8 నుంచి 14 సెంట్ల రాళ్లు ఒక మెట్టు, 15 నుంచి 17 ఇంకో మెట్టు, 18 నుంచి 22 మరోటి. మీ విశాఖ కమ్మల జతలో పద్నాలుగు రాళ్లకు 2.10, అంటే రాయి 15 సెంట్లు. బ్రహ్మపురవి సగటున 14 సెంట్లు. ఒక్క సెంటు తేడాయే గానీ కింది మెట్టులో పడ్డాయి. కాబట్టి వాళ్ల క్యారెట్ రేటు గ్రేడు వల్ల ఒకసారి, సైజు వల్ల ఇంకోసారి తగ్గాలి. ఆ 1,17,700 మీద బేరం ఆడటానికి చోటుంది.

మధ్యరాయి పెద్దదిగా ఉండి చుట్టూ ఆరు చిన్నవైతే సగటు పనికిరాదు. మధ్యరాళ్లు రెండూ ఎన్ని సెంట్లు, చుట్టూ ఉన్న పన్నెండూ ఎన్ని సెంట్లు, రెండు వరుసల్లో రాయించుకోండి.

గోపాల్‌పూర్ గాలి (బ్రహ్మపుర):

వంశధార గారి లెక్కకు చేర్పు. ఆ లెక్కంతా ట్యాగ్ మీద రాసిన క్యారెట్ బరువు నిజమైతేనే నిలుస్తుంది. బిగించిన నగలో రాళ్లను తూచలేం. కొలవగలం.

సరిగ్గా కోసిన గుండ్రటి రాయి 1 క్యారెట్ అయితే అడ్డంగా 6.5 మిల్లీమీటర్లు ఉంటుంది. అర క్యారెట్‌కు 5.2, పది సెంట్లకు సుమారు 3.0, మూడు సెంట్లకు 2.0, ఒక సెంటుకు 1.3. పదిహేను సెంట్ల రాయి 3.4 దాటాలి. ఆ మూడో షాపులో వెర్నియర్ (మిల్లీమీటర్లలో కొలిచే పరికరం) పెట్టి చూస్తే 3.2 మాత్రమే వచ్చిందనుకోండి, రాయి దాదాపు 12 సెంట్లన్నమాట. పద్నాలుగింటికి 1.68. వాళ్లు చెప్పిన 2.05కీ దీనికీ 0.37 క్యారెట్ తేడా, వాళ్ల రేటు ప్రకారమే 29,000 పైచిలుకు. రాయి లోతు ఎక్కువైతే అడ్డం తక్కువ ఉండి బరువు సరిపోవచ్చు, కానీ అలాంటి రాయి మెరుపు తక్కువ, దానికి పూర్తి రేటు ఇవ్వక్కర్లేదు.

చిక్కల్లా మన వైపు ఏడు రాళ్ల కమ్మలు ఎక్కువగా క్లోజ్డ్ సెట్టింగ్‌లో చేయడంతో వస్తుంది. వెనక బంగారం మూసేసి ఉంటుంది, అంచు మీద కూడా బంగారం ఎక్కుతుంది. వెర్నియర్ అందదు, వెనక నుంచి వెలుగు రాదు, రాయి రంగు తెలియదు. కొంచెం పసుపు తిరిగిన రాయి కూడా అందులో తెల్లగానే అనిపిస్తుంది. అందుకని ఆర్డరు మీద చేయించేటప్పుడు రాళ్లు బిగించక ముందే చూడాలి. పద్నాలుగు రాళ్లూ విడిగా కాగితం పొట్లంలో ఉండగా క్యారెట్ తూనిక మీద పెట్టించి, అంకె రాయించుకోండి. తెల్ల కాగితం మడిచి ఆ మడతలో రాళ్లను బోర్లా, వరుసగా పేర్చి పక్క నుంచి చూస్తే రంగు తేడా ఉన్న రాయి ఇట్టే పట్టుబడుతుంది. పది రెట్ల లూప్‌తో (చిన్న భూతద్దంతో) ఒక్కో రాయికీ అర నిమిషం చాలు. తయారుగా ఉన్న నగ అయితే ఓపెన్ సెట్టింగ్‌దే అడగండి.

సర్టిఫికెట్ సంగతి. జీఐఏ అనే వజ్రాల ల్యాబ్ విడి రాళ్లకే గ్రేడు ఇస్తుంది, బిగించిన నగకు ఇవ్వదు. కాబట్టి "కమ్మలకు జీఐఏ ఉంది" అంటే ఏ రాయికో అడగండి. ఈ సైజు రాళ్లకు ఒక్కోదానికి విడి రిపోర్టు తీయించడం దండగ. ఐజీఐ లాంటి ల్యాబ్ మొత్తం నగకు ఒక రిపోర్టు ఇస్తుంది. అందులో బరువు అంచనాయే, రంగు జీ నుంచి హెచ్ అని ఒక పరిధి, సెట్టింగ్ ఎంతవరకు చూడనిస్తే అంతవరకే అని ఒక షరతు కూడా ఉంటుంది. షాపు తన సొంత లెటర్‌హెడ్ మీద ఇచ్చే కార్డు సర్టిఫికెట్ కాదు, హామీ పత్రం. రిపోర్టు నంబరును మీ ఫోన్‌లోనే ల్యాబ్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. ఫోటో, రాళ్ల సంఖ్య, గ్రాస్ బరువు మూడూ నగతో కలవాలి. సహజ వజ్రమా, ల్యాబ్‌లో పెంచిందా అన్న వాక్యం ముఖ్యం. కౌంటర్ మీద పెట్టే పెన్ను లాంటి టెస్టర్ "బీప్" అంటే నమ్మొద్దు. అది వేడిని ఎంత త్వరగా లాగుతుందో చూస్తుంది, ల్యాబ్ వజ్రానికీ అలాగే అంటుంది, మామూలు టెస్టరైతే వజ్రంలా కనిపించే మోయిసనైట్ అనే వేరే రాయికీ అనేస్తుంది. ల్యాబ్ రాయి ధర సహజ రాయి ధరలో చిన్న వంతు. పద్నాలుగింటిలో నాలుగు కలిపినా కంటికి కనబడదు.

బ్లూ జాగర్ అనే గ్రేడు ఏ ల్యాబ్ రిపోర్టులోనూ ఉండదు. దక్షిణాఫ్రికాలో యాగర్స్‌ఫాంటైన్ అనే గని ఉండేది, అక్కడి నీలి ఛాయ రాళ్ల పేరే మన అమ్మమ్మల నోట బ్లూ జాగర్ అయింది. ఆ గని 1971లో మూతపడింది. ఇప్పుడు ఆ మాట వాడేవాడు రంగు అక్షరం, క్లారిటీ అక్షరం చెప్పకుండా తప్పుకుంటున్నాడనే అర్థం. "దోషం లేని రాయి" కూడా అంతే. రత్నశాస్త్రం ప్రకారం కాకిపాదం (కాకి కాలి ఆకారపు మచ్చ) లేకపోవడం వేరు, లూప్ కింద వీవీఎస్ కావడం వేరు.

నాగావళి (రాయగడ):

చాలా వివరంగా చెప్పారు, ఇద్దరికీ ధన్యవాదాలు. విశాఖ వాళ్లు ఫోన్ చేసి వజ్రాల మీద 20 శాతం తగ్గిస్తామంటున్నారు. పైగా ఎప్పుడు తెచ్చినా 90 శాతానికి మార్పిడి అట. అది లెక్కలోకి తీసుకోవచ్చా? మజూరీ మీద 5 శాతం జీఎస్టీ అని ఎవరో అన్నారు, అది కూడా చెప్పండి.

ప్రాణహిత (సిరోంచ):

90 శాతం అంటే దేని మీద 90 శాతమో అడగాలె. బిల్లు మొత్తం మీదనా, బిల్లులో వజ్రాల విలువ మీదనా, మార్చుకునే రోజు వజ్రం రేటు మీదనా? మూడూ వేరు. చాలా షాపులల్ల నగ మార్చుకుంటే ఒక శాతం, పైసలు కావాలంటే అంతకన్న తక్కువ శాతం ఉంటది. బిల్లు మీద వజ్రాల విలువ విడిగా లేకుంటే ఆ 90కి అర్థమే లేదు, ఆ రోజు వాళ్లు చెప్పిందే లెక్క.

తగ్గింపు లేని ధరకే చూస్కోండి. మర్నాడే మార్పిడికి తీస్కపోతే జీఎస్టీ 12,099 పోతది, మజూరీ 12,150 పోతది, వజ్రాల్ల 10 శాతం 31,015 పోతది. మొత్తం 55,000 దాటుతది. పైసలే కావాలంటే, 80 శాతమే ఇస్తరనుకుంటే 86,000 పైన. ఇంక ఆ 20 శాతం తగ్గింపు తీస్కున్నరనుకోండి, 90 శాతాన్ని తగ్గించిన విలువ మీదనే కడతరు. తప్పేం లేదు గని, ముందే తెలుసుకోవాలె. తగ్గింపు ఇచ్చిన్నాడు పాత క్యారెట్ రేటు కూడా అడగండి. 1,47,700 మీద 20 తీస్తే 1,18,000 చిల్లర అయితది. అదే రకం రాయి వేరే షాపుల తగ్గింపు లేకుండనే ఆ రేటుకు దొరికితే, అది తగ్గింపు కాదు, ముందు పెంచి తర్వాత దించుడు.

ఇంత దాపరికం ఎందుకంటే బంగారానికి బోర్డు రేటు ఉన్నది, వజ్రానికి లేదు. రేపపోర్ట్ జాబితా 1978 నుంచి ఉన్నది గని అది డాలర్లల్ల, చందా కట్టిన వ్యాపారులకు. అది గూడ అడిగే ధరనే. టోకు బేరం దానికింద ఇంత శాతం అని నడుస్తది. రిటైల్ షాపు దాని మీద ఎంత వేస్కుంటదో ఎవరికీ చెప్పది, చెప్పాలన్న రూలూ లేదు. మా గడ్చిరోలి జిల్లాల వైరాగఢ్ అని ఊరున్నది, మొఘలుల కాలంలనే వజ్రాల గనికి పేరుబడ్డది. ఇప్పుడు రాయి ఏ దేశంల తవ్వినా సానపట్టేది ఎక్కువ సూరత్‌లనే. ఊరు దగ్గరైనా రేటు మాత్రం మనకు దూరమే.

హాల్‌మార్క్ ఉన్నది కదా అని వజ్రాల గురించి నిమ్మలంగ ఉండకుండ్రి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, 18కె750 (18 క్యారెట్, 75 శాతం) అనే ముద్ర, ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ (ఆ నగ గుర్తింపు నంబరు), ఈ మూడూ బంగారం గురించే చెప్తయి. బీఐఎస్ కేర్ యాప్‌ల ఆ ఆరు అక్షరాలు కొడితే నగ ఏ రకం, స్వచ్ఛత ఎంత, ఏ సెంటర్ల ముద్ర పడ్డది అన్నీ వస్తయి. యాప్‌ల "ఉంగరం" అని వచ్చి చేతిల కమ్మలు ఉంటే తిరిగి ఇచ్చేయండి. హాల్‌మార్క్ ఉన్న నగకు బిల్లుల నెట్ బంగారం బరువు, స్వచ్ఛత, హాల్‌మార్క్ చార్జీ విడిగా రాయాలన్నది నిబంధన. ఆ చార్జీ నగకు 45, దాని మీద జీఎస్టీ. వేలు ఏం కాదు. స్వచ్ఛత తక్కువ తేలితే ఆ తేడాకు రెండింతలు, పరీక్ష ఖర్చు షాపు కట్టాలె. తప్పనిసరి హాల్‌మార్క్ జిల్లాల జాబితాల అన్ని జిల్లాలు లేవు. లేని దగ్గర ఆర్డరు ఇచ్చినా "హెచ్‌యూఐడీ లేకుంటే తీస్కోను" అని ముందే చెప్పొచ్చు.

సరిహద్దుల ఉండేటోళ్లకు పనికొచ్చే మాట ఒకటి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం మీరు ఉండే జిల్లాలనే కేసు వేయొచ్చు. విశాఖల కొన్నా రాయగడ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. 5 లక్షల దాకా ఫీజు లేదు, రెండేండ్ల లోపల వేయాలె. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించుడు తేలిక. కేసు ఈ-జాగృతి పోర్టల్‌ల గూడ వేయొచ్చు. అయితే బిల్లు మీద "వజ్రాల కమ్మలు, 1 జత" అని మాత్రమే ఉంటే ఏ కమిషన్ అయినా ఏం తేలుస్తది? ఈఎఫ్, వీవీఎస్, సహజ, 2.10 అని ఉండాలె.

వంశధార (గుణుపురం):

పన్ను ప్రశ్నకు. తయారైన నగ కొంటే బంగారం, వజ్రాలు, మజూరీ అన్నీ కలిపి 3 శాతం. మీ పాత బంగారం ఇచ్చి చేయిస్తే ఆ చేతికూలి మీద 5 శాతం. మీరు విన్నది ఈ రెండోది. ఆంధ్రాలో కౌంటర్ మీద తీసుకుంటే 1.5 కేంద్రానికి, 1.5 ఆ రాష్ట్రానికి. ఒడిశాకి కొరియర్‌లో పంపితే ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల జీఎస్టీ) పేరుతో అదే 3. సరిహద్దు దాటినందుకు రూపాయి కలిసిరాదు. 2 లక్షలు దాటితే పాన్ అడుగుతారు. 2 లక్షలు గానీ ఆపైన గానీ నగదు తీసుకోవడం చట్టప్రకారం కుదరదు, జరిమానా తీసుకున్నవాడికి. "బిల్లు రెండు ముక్కలు చేద్దాం" అంటే ఒప్పుకోకండి, ఒక ముక్క మీద వజ్రాల వివరం పోతుంది. కచ్చా చీటీ మీద 6,930 జీఎస్టీ మిగులుతుందని ఆ మూడో బేరానికి వెళ్తే గ్రేడు, బరువు, మార్పిడి హక్కు మూడూ వదులుకున్నట్టే.

ఇంకో రెండు చూసుకోండి. 18 క్యారెట్ నగకు 22 క్యారెట్ రేటు కట్టే షాపులు ఉన్నాయి. "మా దగ్గర డైమండ్ నగలకు అదే రేటు" అంటారు. మీ 9 గ్రాములకు అలా కడితే 18,000 ఎక్కువ. గ్రాస్ మీద బంగారం రేటు వేస్తే రాళ్ల 0.420 గ్రాముకు 3,780 ఊరికే పోతుంది, దాని మీద మజూరీ కూడా. తరుగు, మజూరీ అని రెండు వరుసలు కనిపిస్తే రెండూ కలిపి ఎన్ని రూపాయలో అడగండి, శాతాల్లో వద్దు.

మూడు షాపులకూ ఒకే వాట్సాప్ మెసేజ్ పెట్టండి. మాటలు మార్చకుండా ఇలా: "గ్రాస్ బరువు, నెట్ బంగారం బరువు, ఎన్ని క్యారెట్ల బంగారం, గ్రాము రేటు, మజూరీ రూపాయల్లో, రాళ్లు ఎన్ని, ఒక్కో సైజు ఎన్ని సెంట్లు, రంగు, క్లారిటీ, సహజమా ల్యాబా, క్యారెట్ రేటు తగ్గింపుకు ముందు, తర్వాత, ఏ ల్యాబ్ రిపోర్టు, మార్పిడి శాతం దేని మీద, నగదుకు శాతం ఎంత. ఇవి బిల్లు మీద కూడా రాస్తారా?" కౌంటర్‌లో కుర్రాడు చెప్పలేడు, మేనేజర్ చెప్పగలడు. సిస్టంలో రాదన్నది నిజం కాదు. క్యారెట్ రేటు లేకుండా ఏ సాఫ్ట్‌వేరూ ఆ మొత్తం కట్టలేదు, ట్యాగ్ మీద అచ్చు వేయరు, అంతే. విదేశీ లగ్జరీ బ్రాండ్లలో మాత్రం విడదీయమని అడిగినా లాభం లేదు, అక్కడ అమ్మేది పేరు.

నాగావళి (రాయగడ):

మెసేజ్ పెట్టాను. బ్రహ్మపుర వాళ్లు పది నిమిషాల్లో అన్నీ రాసి పంపారు, క్యారెట్ 1,16,000 అని, మజూరీ సున్నా అని. నెట్ మాత్రం 10.125 అని రాశారు. గ్రాస్ 10.150 అయితే రాళ్లకు 0.025 గ్రామే తీసేసినట్టు కదా?

గోపాల్‌పూర్ గాలి (బ్రహ్మపుర):

అవును, పట్టేశారు. 1.96 క్యారెట్లకు 0.392 పోవాలి, నెట్ 9.758 రావాలి. 0.367 గ్రాము రాళ్లను బంగారం రేటుకు కట్టారు, 3,303 రూపాయలు. వాళ్లు ఇచ్చిన అంకెలతో మొత్తం కడితే 10.125ను 9,000తో హెచ్చిస్తే 91,125, వజ్రాలు 2,27,360, జీఎస్టీతో 3,28,040. అంటే వాళ్లు చెప్పిన 3,28,000 ఇలాగే పుట్టింది. ఆ అంకె చూపించి సరిచేయమనండి, సాధారణంగా నోరెత్తకుండా సరిచేస్తారు.

అలాగే తూచేటప్పుడు వెనక మరలు కూడా తూనికలో ఉన్నాయో లేదో చూడండి. మరలు విడిగా ఇచ్చి "ఇవి ఫ్రీ" అంటే అవి ఎన్ని క్యారెట్లో అడగండి. బిల్లులో వాటి బరువు లేకపోతే మార్పిడి రోజు వాటికి రూపాయి రాదు.